చెవిగారి జోస్యాలు

టెన్నిస్ కోర్టుల వెనక సందులో, ఆకుపచ్చ వలకంచెకు ఎదురుగా ఉన్న మూడో కొట్టు ఆయనది. బోర్డు మీద ఒకప్పుడు ఏదో పేరుండేది. ఎండకూ వానకూ అది వెలిసిపోయింది. మళ్ళీ రాయించాలని ఆయనకెప్పుడూ తోచలేదు, ఎందుకంటే బోర్డు చూసి ఆ కొట్టుకు వచ్చేవాళ్ళెవరూ లేరు. రాకెట్‌కు తీగ తెగితే కాళ్ళే అక్కడికి తీసుకొస్తాయి. సందంతా ఆయన్ని చెవిగారంటుంది. చాటున కాదు, మొహం మీదే. ఆయనా దర్జాగా పలుకుతాడు. ఆ పిలుపంటే ఆయనకు లోపల్లోపల గర్వం లేదని ఎవరైనా అంటే నేను మాత్రం ఒప్పుకోను.

ఆయన తండ్రి పేము కుర్చీలు అల్లేవాడు. క్లబ్బు వరండాలో వరసగా ఉండే కుర్చీలన్నీ ఆ చేతి అల్లికే. ఒకరోజు ఒక పెద్దమనిషి తీగలు తెగిన రాకెట్ పట్టుకొచ్చి, "కుర్చీలల్లేవాడివి, నీకిదో లెక్కా?" అన్నాడట. తండ్రి దాన్ని తిరగేసి మరగేసి చూసి, "కూర్చోడానికి మరీ చిన్నది కదండీ" అని పక్కన పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే కొడుకు ఆ రాకెట్‌ను ఒళ్ళో పెట్టుకుని, ఒక తీగ పైనుంచి ఒక తీగ కిందనుంచి, పేము అల్లినట్టే అల్లేశాడు. చివరి ముడి వేసి గోటితో మీటితే అది పలికింది. పేము జన్మలో పలకదు. ఎంత బిగించినా కిర్రుమంటుంది, అంతే. తీగ మాత్రం తన బిగువెంతో తనే చెబుతుంది. ఆ పలుకు విన్నాక ఆయనకు కుర్చీల మీద మనసు విరిగిపోయింది.

పెళ్ళయ్యాక కొట్టు వెనక గదిలోనే కాపురం పెట్టాడు. మధ్యలో ఒక తెర. తెర ఇవతల ఆయన రాకెట్లకు తీగలు ఎక్కిస్తుంటే, అవతల ఆవిడ ప్రెస్సువాళ్ళు పంపిన పుస్తకాలకు కుట్లు వేసేది. పగలంతా ఇద్దరి చేతుల్లోనూ ఏదో ఒక దారం. మధ్యాహ్నం మూడింటికి ఎండ కొట్టులోకి వాలి, వేలాడుతున్న రాకెట్ల నీడలు గోడంతా గళ్ళుగళ్ళుగా పరుచుకునేవి. గాలి కొంచెం వీస్తే చాలు, గళ్ళన్నీ ఒకదాని మీదికొకటి జారేవి. ఆ వేళప్పుడు ఆయన పని ఆపి వాటినే చూస్తూ నిలబడిపోయేవాడు. "ఏవండీ, నిద్రపోయారా?" అని తెర అవతల నుంచి అడిగితే, "నిలబడి ఎవరైనా నిద్రపోతారా?" అనేవాడు. నిజానికి పోయేవాడు.

తీగలు బిగించే యంత్రం ఉంది. దానికో అంకెల పలకా ఉంది. ఇరవై ఏళ్ళ కిందటే ఆయన ఆ పలకను గోడవైపు తిప్పేశాడు. "అంకె చూసి బిగించడమంటే గడియారం చూసి ఆకలేసిందో లేదో తెలుసుకోవడమే" అనేవాడు. పని అయ్యాక రాకెట్‌ను అరచేతికి తాటించి, చెవి దగ్గరికి తెచ్చుకుని, కళ్ళు మూసుకునేవాడు. ఆయన వెతికేది శ్రుతి ఒక్కటే కాదు. ఆ శబ్దం తోకన ఒక సన్నటి మెరుపుంటుంది. అది వినపడేదాకా తీగను వదిలేవాడు కాదు. వినపడగానే ముఖం విప్పారేది, రాకెట్ కొక్కేనికెక్కేది.

ఇక ఏటా ఆ రెండు వారాలు వచ్చేవి. ఎక్కడో సముద్రాల అవతల పెద్ద టోర్నమెంటు మొదలయ్యేది, ఇక్కడ మన సందులో పూనకం మొదలయ్యేది. చెవిగారు పొడుగాటి గోధుమరంగు కాగితం తెచ్చి గోడకు అంటించి, పక్కింటి టైలరమ్మ స్కేలు అరువడిగి, నూట ఇరవై ఎనిమిది గీతలు గీసేవాడు. అవి అరవై నాలుగై, ముప్పై రెండై, అలా అలా కాగితం చివర ఒక్క గీతగా మిగిలేవి. ప్రతి ఆటకూ ముందు ఎవరు గెలుస్తారో ఎవరికి వారు రాయాలి. రెండు వారాలయ్యాక ఎక్కువ జోస్యాలు నిజమైనవాళ్ళకు బహుమానం కుర్చీ. డబ్బు మాట ఆ గోడ మీద ఎన్నడూ లేదు. ఏడాది పొడుగునా కొట్టులో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో కూర్చునే హక్కు, అంతే. అది చెవిగారి తండ్రి ఆఖరుగా అల్లిన పేము కుర్చీ.

జోస్యులు ముగ్గురు. రిటైరైన బస్సు డ్రైవరు గారు ఆటగాళ్ళ కాళ్ళు మాత్రమే చూసేవాడు. "బ్రేకులు పడాలి బావా. పరిగెత్తడం అందరూ పరిగెడతారు, ఆగడం ఎందరికొచ్చు?" అనేవాడు. వరసకు బావ కాకపోయినా, కొట్టులో అడుగుపెట్టిన మొదటి రోజు నుంచీ ఆయనకు చెవిగారు బావే. టైలరమ్మ భుజాలు చూసేది. చొక్కా చంక దగ్గర ముడత పడిందంటే ఆ చెయ్యి సగంలో ఆగుతోందని లెక్క, వాళ్ళకు ఆవిడ పసుపు సుద్దతో ఒక్క అడ్డగీత గీసేసేది. లెక్కల మాస్టారు ఏమీ చూసేవాడు కాదు. నోటుపుస్తకంలో పాత ఆటల స్కోర్లన్నీ రాసుకుని వచ్చి, శాతాలు కట్టి, నూటికి నూరుపాళ్ళూ తప్పు చెప్పేవాడు. పాపం, ఆయనంత కష్టపడ్డవాళ్ళు లేరు.

చెవిగారిది వేరే దారి. ఆట మొదలవ్వగానే టీవీకి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని, మొదటి రెండు గేములూ వినేవాడు. ఎవరి పేరేమిటో, ఏ దేశమో, ఎన్నో నంబరో ఆయనకక్కర్లేదు. బంతి తీగల మీద పడిన శబ్దం చాలు. "ఇటువైపు మనిషి" అనేవాడు. లేదంటే "అటువైపు మనిషి" అనేవాడు. అంతే, మళ్ళీ పనిలో పడిపోయేవాడు. ముందే రాయాలన్న నియమం ఆయనొక్కడికే ఎందుకు సడలించారని ఏటా ఒకరోజు పెద్ద గొడవ జరిగేది. గొడవ పడీ పడీ మళ్ళీ సడలించేవారు, ఎందుకంటే ఆ వింత చూడటం వాళ్ళకూ ఇష్టమే. పదేళ్ళలో ఏడుసార్లు కుర్చీ ఆయనకే వచ్చింది. నిలబడి చేసే పని కాబట్టి ఒక్కనాడూ అందులో కూర్చోలేదు. తీగల చుట్టలు పెట్టుకునేవాడు. డ్రైవరు గారేమో పక్కనే బోర్లించిన బంతుల డబ్బా మీద కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంటూ ఆ చుట్టల వంక చూసేవాడు.

"ఆ తీగలకేమైనా నడుంనొప్పా బావా?"

"గెలిచి కూర్చో బావా, నేనేమైనా పట్టుకున్నానా?"

ఈ ఏడు టోర్నమెంటు మొదలైన రోజున టీవీ గొంతు కాస్త పెద్దదైంది. చెవిగారే పెంచాడు. "ఈ సెట్టు పాడైనట్టుంది, లోపలెక్కడో గుడ్డ కప్పినట్టుంది" అన్నాడు. పక్కింట్లో మిషను కుడుతూ కూడా టైలరమ్మకు స్కోరు స్పష్టంగా వినపడింది. అయినా ఎవరూ ఏమీ అనుకోలేదు. చెవిగారు వీపు తిప్పుకుని కళ్ళు మూసుకున్నాడు. సందులో ఎవరో సైకిలు నడిపించుకుంటూ పోతున్నారు. కంచె అవతల పిల్లల ఆట, ఇంట్లో సూది పుస్తకంలోంచి దూరి వచ్చే చప్పుడు, టీవీలో బంతి, అన్నీ కలిసి చాలా దూరం నుంచి వస్తున్నట్టుంది ఆయనకు. అలా దూరంగా వినపడటం ఈమధ్య ఆయనకు హాయిగానే ఉంటోంది. లోకం మీద ఎవరో పల్చటి దుప్పటి కప్పినట్టుంటోంది.

ఆ రోజు ఆరు ఆటలు చూశారు. చెవిగారు చెప్పిన ఆరుగురిలో ఇద్దరే గెలిచారు. "మొదటి రోజు కదా, చెవి ఇంకా నిద్ర లేచినట్టు లేదు" అన్నాడు డ్రైవరు గారు. రెండో రోజు ఆరుగురిలో ఒక్కరే గెలిచారు. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పొడుగాటి పిల్ల ఆడుతుంటే చెవిగారు రెండు గేములు విని, "ఈ పిల్లకు రాకెట్ మధ్యలో బంతి పడటంలేదు, పోతుంది" అన్నాడు. ఆ పిల్ల గంటలోపు ఆట ముగించి, చెమటైనా పట్టకుండా వెళ్ళిపోయింది. లెక్కల మాస్టారి జోస్యాలు కూడా చెవిగారికంటే నయమని తేలింది. ఆ సంతోషం దాచుకోలేక మాస్టారు రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చెవిగారు మాత్రం నవ్వలేదు. ఓడిపోవడం ఆయనకు కొత్త కాదు, మూడుసార్లు ఓడాడు. కానీ ఆ పిల్ల ఎలా గెలిచిందో ఆయనకు అంతుపట్టలేదు.

మూడో రోజు, ఇంకా ఆటలు మొదలవకముందే కోచ్ గారొచ్చింది. యాభై దాటిన మనిషి, కోర్టుల్లో పిల్లలకు ఆట నేర్పుతుంది. ఎడమచేతి వాటం. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ రాకెట్ ఇంకొకరి చేతిలో పడలేదు. ఎడమ మోచేతికి పట్టీ కట్టుకుని ఉంది. ఆ పట్టీ అక్కడికొచ్చి పది నెలలు దాటింది.

"అన్నయ్యా, రాకెట్ అయిందా?"

"నిన్నే అయింది చెల్లెమ్మా. అదిగో కొక్కెం మీద."

"ఉండనీ, వెళ్ళేటప్పుడు తీసుకుంటా. తీసుకుని చేసేదీ లేదులే." ఆవిడ గోడ మీది కాగితం వంక చూస్తూ అంది. "నెలాఖరుకు మానేస్తున్నా. ఉత్తరం రాసుకున్నా. అయిదింటికి క్లబ్బు సెక్రటరీ గారొస్తారు, ఇచ్చేస్తా. చెయ్యి లేవడం లేదు. పిల్లలకు సర్వ్ చేసి చూపించలేని కోచ్ ఎందుకు? వయసన్నాక ఎక్కడో ఒక దగ్గర వస్తుందిగా, నాకు మోచేతికొచ్చింది."

నవ్వుతూనే అంది. అని బ్యాగు కుడి భుజానికి తగిలించుకుని కంచె గేటులోంచి వెళ్ళిపోయింది. ఆట నేర్పడం తప్ప ఆవిడకు ఇంకో లోకం లేదని ఆ సందులో అందరికీ తెలుసు.

టీవీలో ఆట మొదలైంది. మళ్ళీ ఆ ఎర్ర టోపీ పిల్లే. చెవిగారు అలవాటుగా వీపు తిప్పాడు. లెక్కల మాస్టారు నోటుపుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాడు.

"చెవిగారూ, మీరు ఏమీ అనుకోకపోతే ఒక విషయం. మీరు ఓడిపోతారన్న తొమ్మిదిమందీ గెలిచారు కదా. నేను రాత్రి కూర్చుని చూస్తే ఆ తొమ్మిదిమందీ ఒక్క రకమే. బంతిని బల్లపరుపుగా, బలంగా కొట్టేవాళ్ళు. టింగుమనేవాళ్ళు. మీరు సరిగ్గా చెప్పిన ముగ్గురేమో దబ్ దబ్బుమని కొట్టేవాళ్ళు. ఇది యాదృచ్ఛికం కాదండీ."

"టింగుమనేవాళ్ళా?" చెవిగారు కళ్ళు తెరిచాడు. "ఈ పిల్ల టింగుమంటుందా?"

"అదేమిటి బాబాయి!" గుమ్మంలో నిలబడి బొత్తాం కుడుతున్న టైలరమ్మ నోట్లో దారం తీసి అంది. "గిన్నె మీద గరిట పడ్డట్టుంటేనూ. నాకైతే అక్కడికి వినపడుతోంది."

చెవిగారు టీవీ వైపు తిరిగాడు. పిల్ల చెయ్యి లేచింది, బంతి వెళ్ళింది. ఆయనకు వినపడింది బస్తా మీద కర్రతో కొట్టిన చప్పుడు. మళ్ళీ లేచింది. మళ్ళీ బస్తా. ఆయన టైలరమ్మ ముఖం చూశాడు, డ్రైవరు గారి ముఖం చూశాడు. బంతి తగిలిన ప్రతిసారీ వాళ్ళ కనురెప్పలు చిన్నగా అదురుతున్నాయి. తనవి అదరడం లేదు.

అప్పుడు ఆయన చూపు కొక్కెం మీదికి పోయింది. అందరూ ఆట చూస్తుంటే ఆయన కోచ్ గారి రాకెట్ దించి, చుట్టల కింద ఎక్కడో అట్టపెట్టెలో పడున్న ఒక చిన్న పరికరం వెతికి తీశాడు. బిగువు కొలిచేది. ఎప్పుడో ఒక కంపెనీ మనిషి ఊరికే ఇచ్చిపోతే, వెక్కిరింతగా నవ్వి పడేసిందే. దాన్ని తీగలకు తగిలించాడు. కోచ్ గారు ఎప్పుడూ అడిగేది యాభై పౌండ్ల బిగువు. ముల్లు యాభై తొమ్మిది మీద ఆగింది. పరికరం పాడైందేమోనని, తీగలు ఎక్కించి పదేళ్ళయిన తన పాత రాకెట్‌కు తగిలించి చూశాడు. అక్కడ ముల్లు నలభై దగ్గర బుద్ధిగా నిలబడింది. మళ్ళీ కోచ్ గారి రాకెట్‌కు తగిలించాడు. యాభై తొమ్మిది.

ఆయనకు అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. ఆ సన్నటి మెరుపు తన చెవికి వినపడటం మానేసింది. వినపడటంలేదని తను బిగిస్తూపోయాడు. ఇంకాస్త, ఇంకాస్త, ఇంకొక్క చుక్క. పాడైంది టీవీ కాదు, ఆ పిల్ల కాదు, కోచ్ గారి మోచెయ్యీ కాదు. అంత బిగువు తీగల మీద బంతి పడితే ఆ దెబ్బ ఎక్కడికి పోతుంది? నేరుగా మోచేతిలోకే పోతుంది. ఆ మాట ముప్పై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నది తనే.

మధ్యాహ్నం మూడైంది. గోడ మీద గళ్ళు వాలాయి, మెల్లగా కదులుతున్నాయి. వాటిని చూస్తూ ఆయన కాసేపు ఆ కలలోకే జారిపోదామనుకున్నాడు. ఎవరికీ తెలియదు. ఈ తీగలు కోసి, గుట్టుగా యాభైకి బిగించి కొక్కేనికి తగిలిస్తే సరి. చెయ్యి దానంతటదే నయమౌతుంది. వయసు వచ్చింది, వయసు పోయింది అనుకుంటుంది. చెవిగారు చెవిగారిలాగే ఉంటాడు. ఈ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే ఆయన చెయ్యి కత్తెర మీదికి వెళ్ళింది కూడా. కానీ గోడ మీద గడియారం నాలుగున్నరా అయిదూ కొట్టడానికి ఎంతోసేపు పట్టదు. నయమయ్యేలోపు ఆవిడ ఉత్తరం ఇచ్చేస్తుంది.

కత్తెర అక్కడే వదిలేసి, రాకెట్, పరికరం చేత పట్టుకుని కొట్టు దిగాడు. "ఎక్కడికి బావా, ఆట మధ్యలో?" అని డ్రైవరు గారు అడిగింది ఆయనకు వినపడలేదు. ఈసారి మాత్రం చెవి తప్పు కాదు.

కోర్టులో పిల్లలు వెళ్ళిపోయారు. కోచ్ గారు నెట్ దగ్గర వంగి కుడిచేత్తో బంతులు ఏరుతోంది. ఎడమచేతి మనిషి కుడిచేత్తో బంతులు ఏరుకోవడం పది నెలలుగా ఆయన తన కొట్టులోంచి చూస్తూనే ఉన్నాడు. అది ఇప్పుడు గుచ్చుకుంది.

"చెల్లెమ్మా, వయసు నీ మోచేతికి రాలేదు. నా చెవికొచ్చింది."

ఆవిడకు అర్థం కాలేదు. ఆయన పరికరం తగిలించి చూపించాడు. అంకె చూపించాడు. అన్నీ చెప్పాడు, మెరుపు సంగతి, గోడవైపు తిప్పిన పలక సంగతి, ఎర్ర టోపీ పిల్ల సంగతి. "పోయిన వేసవి నుంచీ ఇలాగే అయ్యుంటుంది. నీ చెయ్యి పాడు చేసింది నేను" అన్నాడు.

ఆవిడ చాలాసేపు ఆ ముల్లునే చూసింది. చేతిలో బంతి జారి నెట్ కిందికి దొర్లిపోయింది. కోపం నెమ్మదిగా వచ్చింది ఆవిడకు, వచ్చాక మాత్రం ఆగలేదు.

"పది నెలలన్నయ్యా. పది నెలలు ఎడమచేత్తో టీ కప్పు ఎత్తలేదు. జడ వేసుకోలేక జుట్టు కత్తిరించుకున్నా. మన వీధి చివరి డాక్టరమ్మ మొదటి రోజే అంది, మీ తీగలు మరీ బిగువుగా ఉన్నాయేమో చూపించుకోండని. నేనేమన్నానో తెలుసా? మా అన్నయ్య చేతిలో తప్పు రాదు, మీరు ఇంకేదైనా చూడండి అన్నా. రెండోసారీ అదే అడిగితే ఒళ్ళు మండి డాక్టర్నే మార్చేశా!"

ఆయన తలవంచుకున్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. ఈ నమ్మకాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. కళ్ళనీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. ఆవిడ బ్యాగు తెరిచి ఉత్తరం ఉందో లేదో చూసుకుని, మళ్ళీ మూసింది. చింపలేదు. రాకెట్ ఆయన చేతికే తిరిగి ఇచ్చింది.

"పద. విప్పు. నా కళ్ళ ముందు విప్పు."

ఇద్దరూ కొట్టులోకి వచ్చేసరికి టీవీలో ఎర్ర టోపీ పిల్ల గెలిచి చెయ్యి ఊపుతోంది. చెవిగారు నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, "నాకు సరిగ్గా వినపడటం లేదు. ఏడాదై ఉంటుంది. ఈ ఏడాది నా చేతిమీదుగా పోయిన రాకెట్లన్నీ తప్పు. అన్నీ వెనక్కి రావాలి" అన్నాడు. లెక్కల మాస్టారు నోటుపుస్తకం మూసేశాడు. జీవితంలో మొదటిసారి ఆయన లెక్క సరిపోయింది, పాపం దానికీ సంతోషించలేకపోయాడు.

"మరి ఆ ఏడుసార్ల కుర్చీ?" అన్నాడు డ్రైవరు గారు.

"అప్పుడు వినపడింది బావా."

డ్రైవరు గారు లేచి టీవీ గొంతు పూర్తిగా తగ్గించేశాడు. "కబురు నేను పెడతాలే. ఏ ఇంట్లో ఏ బ్యాటుందో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు రూటు తిప్పినవాణ్ణి, ఒక్క స్టాపూ మర్చిపోను" అన్నాడు. టైలరమ్మ పేము కుర్చీలోని చుట్టలన్నీ ఒళ్ళోకి ఎత్తుకుని నేలమీద పెట్టింది. కోచ్ గారు ఆ కుర్చీలో కూర్చుంది. అడగలేదు, ఎవరూ కాదనలేదు.

చెవిగారు మధ్యనుంచి మొదలుపెట్టి తీగలు కోశాడు. ఒక్కోటి తెగినప్పుడల్లా చట్రం చిన్నగా ఊపిరి వదిలింది. తర్వాత యంత్రం పక్కకెళ్ళి, ఇరవై ఏళ్ళుగా గోడను చూస్తున్న అంకెల పలకను ఇటు తిప్పాడు. దాని మీద దుమ్ము తుడిచేసరికి చొక్కా చేతి అంచు నల్లబడింది. కొత్త తీగ ఎక్కించడం మొదలుపెట్టాడు. గంట పట్టింది. గళ్ళు గోడ మీద పైకి పాకాయి, గోడ దాటి తెర మీదికి పోయాయి. టీవీలో ఎవరో మాట లేకుండా ఆడుతున్నారు. ఎవరు గెలుస్తారని ఎవరూ అనలేదు.

చివరి ముడి పడింది. పలక యాభై అంటోంది. ఆయన అలవాటు చొప్పున రాకెట్‌ను అరచేతికి తాటించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. దబ్బుమంది. మెరుపు లేదు. చెయ్యి తెలియకుండానే మళ్ళీ యంత్రం మీదికి పోయింది.

"చాలండీ."

తెర పక్కకు జరిగింది. ఆయన భార్య సూది వేలికి అలాగే ఉంచుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు.

"ఇదే. మన రాకెట్ పలుకు ఇదే" అంది. "పోయిన వేసవి నుంచి పైకి వెళ్ళిపోయింది. గీసినట్టుండేది. నాకు పళ్ళు పులిసేవి."

ఆయన ఆవిడ వంక అలాగే చూశాడు. "నీకు తెలుసా?"

"ముప్పై ఏళ్ళుగా తెర వెనక కూర్చుని వింటున్నదాన్ని, తెలియదా?"

"మరి చెప్పవేం?"

"మీరేదో కొత్త పద్ధతి పట్టారనుకున్నా." ఆవిడ చీర కొంగుతో వేలు తుడుచుకుంది. "మీ చెవికి నేను తప్పు చెప్పడమేమిటండీ?"

కుర్చీలోంచి కోచ్ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నమ్మి నోరు మూసుకున్నది తనొక్కతే కాదన్నమాట. ఆవిడ ముఖంలో కోపం పూర్తిగా పోలేదు, కానీ దానికి తోడు దొరికింది. లేచి వచ్చి రాకెట్ అందుకుని, ఎడమచేత్తోనే, బంతి లేకుండా ఒక్కసారి గాల్లో ఊపింది. "వారం చూస్తా" అంది. "సెక్రటరీ గారు వారం ఆగుతారు." గడప దాటాక వెనక్కి తిరిగి, "ఈలోపు నువ్వూ చెవి చూపించుకో. నీకు డాక్టర్ని నేను చెబుతా, నేను మార్చేసిన ఆవిడే" అని వెళ్ళిపోయింది.

ముగ్గురు జోస్యులూ ఏదో పనున్నట్టు లేచారు. డ్రైవరు గారు ఖాళీగా ఉన్న కుర్చీ వంక ఒకసారి చూసి, కూర్చోకుండానే కబుర్లు పెట్టడానికి బయల్దేరాడు. కొట్టులో ఇద్దరే మిగిలారు. చెవిగారు జీవితంలో మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నాడు. పేము కిర్రుమంది. అది వినపడింది ఆయనకు.

"ఎలా ఉండేది?" అన్నాడు. "ఆ పలుకు. నాకిక గుర్తుండదేమోనని భయంగా ఉంది."

ఆవిడ తెర దగ్గర నుంచి వచ్చి కుర్చీ చేతి మీద ఆనుకుంది. ఆయన పాత రాకెట్‌ను తీసుకుని గోటితో మీటింది, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టేసింది. తర్వాత వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, గొంతు బాగా తగ్గించి, ఆ పలుకును మెల్లగా కూనిరాగంలా తీసింది. పెదవులు మూసుకుని, చాలాసేపు.

ఆయన ముఖం విప్పారింది.

"అదే" అన్నాడు. "ఇంకొక్కసారి."